రెండుసార్లు పుట్టిన ఆపరేషన్

ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1672లో అచ్చయిన తన లాటిన్ గ్రంథంలో ఒక ఇల్లాలి సంగతి రాశాడు. ఆమెకు చెవుడు. దగ్గరికొచ్చి మాట్లాడినా వినపడేది కాదు. అయితే గదిలో డోలు మోగుతూ ఉంటే మాత్రం ఎవరేమన్నా స్పష్టంగా వినపడేదట. అది కనిపెట్టిన మొగుడు డోలు వాయించడం వచ్చినవాణ్ణే ఏరి నౌకరుగా పెట్టుకున్నాడు. పెళ్లాంతో నాలుగు మాటలు మాట్లాడాలంటే ముందు వాణ్ణి పిలిచి డోలు కొట్టించాలి. ఆ ఇంటి పక్కవాళ్లు ఎలా వేగారో విల్లిస్ రాయలేదు గానీ, కారణం మాత్రం తనకు తోచింది చెప్పాడు. కర్ణభేరి సడలిపోయి ఉంది, డోలు చప్పుడుకు అది మళ్లీ బిగుసుకుంటోంది అన్నాడు.

కారణం తప్పు, లక్షణం నిజం. ఇవాళ్టికీ ఈఎన్‌టీ డాక్టర్ల దగ్గరికొచ్చి "బస్సులో బాగానే వినపడుతుందండీ, ఇంట్లోనే వినపడదు" అనేవాళ్లు ఉన్నారు. పక్కనున్న బంధువులు ఆ మాటకు నవ్వుతారు, నటనేమో అని కూడా అనుకుంటారు. అనుభవం ఉన్న డాక్టరు మాత్రం నవ్వడు. రొదలో మామూలు చెవి ఉన్నవాళ్లంతా తెలియకుండానే గొంతు పెంచి మాట్లాడతారు. ఈ రకం చెవుడున్న మనిషికి ఆ రొద అంతగా చేరదు, పెంచిన గొంతు చేరుతుంది. వైద్యగ్రంథాలు ఈ లక్షణానికి విల్లిస్ పేరే పెట్టి పారాక్యూసిస్ విల్లిసై అంటాయి. ఆ ఇల్లాలికి ఉన్న జబ్బు ఫలానాయేనని మూడున్నర శతాబ్దాల తర్వాత ప్రమాణం చేసి చెప్పలేం. కానీ ఆ వర్ణన వినగానే చెవి డాక్టరు అనుమానించేది ఒకే ఒక ఎముకను.

దాని పేరు స్టేపిస్. మన బడి పుస్తకాల్లో అంకవన్నె అని ఉంటుంది. గుర్రం ఎక్కేటప్పుడు కాలు పెట్టే రికాబు అన్నమాట, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. మనిషి ఒంట్లో ఇంతకన్నా చిన్న ఎముక లేదు. ఎత్తు 3 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, బరువు 3 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. రెండు సన్నటి కమానులు, అడుగున కాగితంలా పలచటి పలక. కర్ణభేరిని అంటుకుని మాలియస్ అనే సుత్తి, దాని వెనక ఇన్‌కస్ అనే పట్టెడ, కొసన ఇది. 1543లో శరీర నిర్మాణ శాస్త్రాన్ని తిరగరాసిన వెసాలియస్‌కు సుత్తీ పట్టెడా తెలుసు. మూడోది ఆయన కంటపడలేదు. మూడేళ్ల తర్వాత నేపుల్స్‌లో పాఠం చెబుతున్న సిసిలీ వైద్యుడు ఇంగ్రాసియా దాన్ని పట్టుకున్నాడు. నేను ముందు చూశానంటే నేను ముందు చూశానని తర్వాత తగాదా నడిచింది. ఆ ఘనత తనదేనన్నవాళ్లలో యూస్టాకి ఒకడు. గొంతు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే గొట్టానికి పేరుగా మిగిలినవాడు ఈయనే. అదే కాలపు మరో శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫలోప్పియో మాత్రం అది ఇంగ్రాసియా కనిపెట్టిందేనని నిజాయితీగా రాసిపెట్టాడు.

ఇంత చిన్న ఎముక మీద ఇంత పెద్ద కథ ఎందుకంటే, అది చేసే పని అలాంటిది. గాలిలో వచ్చిన శబ్దం నీటిని తాకితే దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది, లోపలికి దిగేది వెయ్యో వంతు. చెరువులో మునిగినవాడికి గట్టు మీది కేకలు వినపడనిది అందుకే. లోపలి చెవి, అంటే కాక్లియా, నిండా ఉన్నది ద్రవమే. దాన్ని గాలి శబ్దంతో కదిలించాలి. కర్ణభేరిలో కదిలే భాగం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు, స్టేపిస్ పలక 3.2. అంత వెడల్పు మీద పడిన బలం ఇంత చిన్న చోటికి చేరేసరికి ఒత్తిడి 17 రెట్లవుతుంది. సుత్తి పిడి పొడవు పట్టెడ కాడ కన్నా ఎక్కువ కాబట్టి తులాదండం లెక్కన ఇంకో 1.3 రెట్లు. మొత్తం 22 రెట్లు. గాలికీ నీటికీ మధ్య పోవాల్సినదాన్ని ఈ ఏర్పాటు దాదాపుగా పూడ్చేస్తుంది. ఓవల్ విండో అనే కోడిగుడ్డు ఆకారపు కిటికీలో, చుట్టూ మెత్తటి పట్టీతో, ఆ పలక లోపలికీ బయటికీ ఆడుతూ ఉంటుంది. మనం విన్న ప్రతి మాటా ఆ కిటికీ గుండా పోయిందే.

కొందరికి ఆ పట్టీ దగ్గర, ఎక్కువగా పలక ముందు అంచున, కొత్త ఎముక పెరుగుతుంది. మెత్తగా మొదలై మెల్లగా గట్టిపడుతుంది. చివరికి వానాకాలం ఉబ్బిన తలుపు చట్రంలో పట్టేసినట్టు స్టేపిస్ ఆ కిటికీలో పట్టేస్తుంది. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఆడవాళ్లలో ఎక్కువ. కుటుంబాల్లో నడుస్తుంది, "మా అమ్మకూ ఇలాగేనండీ" అన్న మాట డాక్టర్లకు అలవాటే. చాలామందికి రెండు చెవులూ పోతాయి, వాటితోపాటు రాత్రీ పగలూ హోరు. చీము ఉండదు, నొప్పి ఉండదు. లైటు వేసి చూస్తే కర్ణభేరి నిగనిగలాడుతూ కనిపిస్తుంది. అందుకే ఎన్నో ఏళ్లు వైద్యులకు ఇదేమిటో అంతుపట్టలేదు. మధ్య చెవి ఎండిపోయిందనుకుని "పొడి క్యాటర్" అని ఏదో పేరు పెట్టి, గొట్టంలోంచి గాలి ఊది పంపించేవాళ్లు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదన్నాడని సామెత. ఈ రకం చెవుడున్నవాడు ఆ శంఖాన్ని నిజంగానే పళ్లతో కరిచి పట్టుకుంటే, ఊదింది వినగలడు. చెవి దారి మూసుకుపోయినా కపాలం ఎముక దారి తెరిచే ఉంటుంది. చెవుడున్న ఎడిసన్ తన ఫోనోగ్రాఫు చెక్కపెట్టెను పళ్లతో కరిచి సంగీతం వినేవాడు. ఈ తేడానే పరీక్షగా మార్చినవాడు జర్మనీలో గొట్టింగెన్ వైద్యుడు రిన్నె, 1855లో. ట్యూనింగ్ ఫోర్కును మోగించి కాడను చెవి వెనక ఎముకకు ఆనించాలి. మోత ఆగిపోయిందనగానే ఫోర్కు కొమ్ములను చెవి ముందుకు తేవాలి. మంచి చెవికి మోత మళ్లీ వినపడుతుంది. స్టేపిస్ పట్టేసిన చెవికి వినపడదు, గాలిలో కన్నా ఎముక మీదే మోత ఎక్కువసేపు వినపడుతుంది. అంటే నరం బాగుంది, దారే మూసుకుంది. లీప్‌జిగ్‌లో వేబర్ 1834లోనే చెప్పిన ఇంకో పరీక్ష ఉంది. ఫోర్కును నడినెత్తిన పెడితే, చెడ్డ చెవి వైపే మోత ఎక్కువ వినపడుతుంది. రోగులు దీన్ని ఓ పట్టాన ఒప్పుకోరు, తమాషా చేస్తున్నారేమోనని డాక్టరు మొహం చూస్తారు. హైదరాబాదు కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రి ఓపీలోనైనా, విశాఖ పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆస్పత్రిలోనైనా, లక్షలు పోసి కొన్న ఆడియోమీటర్ పక్కనే ఆ ఉక్కు ఫోర్కు ఇంకా ఉంటుంది.

పట్టేసిన స్టేపిస్‌ను శవాల్లో మొదట గమనించినవాడు ఇటలీలో వల్సాల్వా, 1704 నాటి మాట. విమానం దిగేటప్పుడు ముక్కు మూసుకుని గాలి బిగపట్టే పద్ధతికి పేరున్న వల్సాల్వాయే. కానీ దాన్ని ఒక వింతగా వదలకుండా, ఇంతమంది చెవుడుకు కారణం ఇదని నిలబెట్టినవాడు లండన్‌లో జోసెఫ్ టాయిన్‌బీ. చరిత్రకారుడు ఆర్నాల్డ్ టాయిన్‌బీకి తాతగారు. బతికున్న చెవిటి రోగి చరిత్ర రాసుకోవడం, ఆ మనిషి చనిపోయాక చెవి ఎముకను కోసి చూడటం, రెండూ పోల్చడం ఆయన పద్ధతి. అలా సుమారు 2,000 చెవులు కోశాడు. అప్పటిదాకా చెవి వైద్యమంటే లండన్‌లో సగం గారడీ. దానికి శవపరీక్ష బల్ల మీద పునాది వేసినవాడు టాయిన్‌బీ. అంతటివాడు చెవి హోరుకు మందు వెతుకుతూ చనిపోయాడు. క్లోరోఫారం ఆవిరి, హైడ్రోసయానిక్ ఆమ్లం ఆవిరి పీల్చి వాటిని చెవిలోకి ఊదుకుంటే హోరు తగ్గుతుందేమోనని తన మీదే ప్రయోగం పెట్టుకున్నాడు. 1866 జూలై 7న సంప్రదింపుల గదిలో సోఫా మీద శవమై కనిపించాడు. ప్రయోగం వివరాలు రాసుకున్న కాగితాలు పక్కనే ఉన్నాయి.

కారణం తెలిసింది. ఎముక పట్టేస్తే కదపాలి, కదలకపోతే తీసెయ్యాలి. ఈ ఆలోచన ఎవరికైనా వస్తుంది, వచ్చింది కూడా. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో యోహానెస్ కెసెల్ 1870ల రెండో సగంలో స్టేపిస్‌ను కదపడం మొదలుపెట్టాడు, కదలనిచోట తీసేశాడు. ప్యారిస్‌లో కమీల్ మియో 1890లో తాను చేసిన 200 ఆపరేషన్ల లెక్క ప్రకటించాడు. ఎక్కువమందికి వినికిడి మెరుగైంది, ఒక్కరూ చనిపోలేదు అన్నాడు. కరెంటు దీపాలు అప్పుడప్పుడే వస్తున్న కాలం అది. నుదుటి మీద అద్దం, దాని మీద పడ్డ వెలుతురు చెవి రంధ్రంలోకి, రెండున్నర సెంటీమీటర్ల లోతున మూడు మిల్లీమీటర్ల ఎముక. భూతద్దం లేదు, యాంటీబయాటిక్ లేదు. చేతి నిదానం ఒక్కటే పెట్టుబడి.

అట్లాంటిక్ అవతల బోస్టన్‌లోనూ ఇద్దరు చేశారు. ఒకరు క్లారెన్స్ బ్లేక్. ఈయన సంగతి కాస్త చెప్పుకోవాలి. 1874లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ శబ్దాన్ని గీతలుగా చూపే యంత్రం కోసం తంటాలు పడుతుంటే, కృత్రిమంగా చేయడమెందుకు, అసలు చెవినే వాడమని సలహా ఇచ్చి, చచ్చిపోయిన మనిషి చెవిని సంపాదించి ఇచ్చినవాడు బ్లేక్. బెల్ ఆ ఎముకల కొసకు ఒక గడ్డిపరక అంటించి, చెవిలోకి అరిచి, మసి పట్టిన గాజు పలక మీద అది గీసిన అలలను చూశాడు. పొరలాంటి కర్ణభేరి తనకన్నా ఎంతో బరువైన ఎముకల్ని కదుపుతోందే, అలాంటప్పుడు కాస్త మందమైన పొర ఇనప ముక్కను ఎందుకు కదపదన్న ఊహ అక్కడ పుట్టిందని బెల్ తర్వాత చెప్పాడు. టెలిఫోను కథలో మన చెవి ఎముకలకు అంత వాటా ఉంది. రెండో బోస్టన్ వైద్యుడు ఫ్రెడరిక్ జాక్. ఒక రోగికి రెండు చెవుల్లోనూ స్టేపిస్ తీసేశాడు. పదేళ్ల తర్వాత కూడా ఆ మనిషికి వినపడుతోందని రికార్డయింది. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి, దశాబ్దాలపాటు అది ఎవరూ చదవకుండా పడి ఉంటుంది.

ఎందుకంటే ఈలోగా పెద్దలు తీర్పు ఇచ్చేశారు. వియన్నాలో ఆడం పోలిట్జర్, బాజెల్‌లో సీబెన్‌మన్, బోర్డోలో మూర్. చెవి వైద్యంలో అప్పుడు ఆ పేర్లకు ఎదురులేదు. 1899, 1900 నాటికి అంతర్జాతీయ సభల్లో వీళ్ల మాట ఒక్కటే: స్టేపిస్ మీద ఆపరేషన్ వల్ల ప్రయోజనం లేదు, అది ప్రమాదం, మానెయ్యండి. అందరూ మానేశారు. కెసెల్ పేరు చెడింది. పాఠ్యపుస్తకాల్లో నుంచి ఆ అధ్యాయమే పోయింది.

ఇక్కడ పోలిట్జర్‌ను విలన్‌ను చేయడం తేలిక, కానీ న్యాయం కాదు. లోపలి చెవి ద్రవానికీ మెదడు చుట్టూ ఉండే ద్రవానికీ దారి ఉంది. కిటికీ తెరిచినప్పుడు చీము చేరితే లోపలి చెవి వాచే లాబిరింథైటిస్, అక్కణ్నుంచి మెదడు పొరలు వాచే మెనింజైటిస్, అక్కణ్నుంచి స్మశానం. చెవుడుతో మనిషి చావడు, ఆపరేషన్‌తో చావొచ్చు. ఆ రోజుకు ఆ తీర్పు సరైందే. దానికి గడువు పెట్టకపోవడమే పొరపాటు. ఫలానా ఇబ్బందులు తీరేదాకా వద్దు అని ఉంటే, తీరినప్పుడు ఎవరో ఒకరు లేచి అడిగేవాళ్లు. ఎప్పటికీ వద్దు అన్నట్టు అర్థమైంది కాబట్టి సూక్ష్మదర్శిని వచ్చాక కూడా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఎవరూ అడగలేదు. పైగా ఆ పోలిట్జరే 1893లో ఈ జబ్బు అసలు రూపం తేల్చాడు. మధ్య చెవి ఎండిపోవడం కాదు, లోపలి చెవిని కప్పిన ఎముకలోనే పుట్టే జబ్బు ఇది అని సూక్ష్మదర్శిని కింద చూపించాడు. ఓటోస్క్లిరోసిస్ అనే పేరు నిలబడింది ఆయన వల్లే. జబ్బును సరిగ్గా గుర్తించిన చెయ్యే వైద్యం తలుపు మూసింది.

ముందు తలుపు మూస్తే పెరటి దారి వెతికారు. స్టేపిస్‌ను ముట్టకూడదు, సరే. లోపలి చెవికి ఇంకోచోట కొత్త కిటికీ కొడితే? శరీరం తూకం చూసుకునే అర్ధవర్తుల కుల్యల్లో ఒకటి మధ్య చెవికి దగ్గరగా ఉంది. దానికి రంధ్రం చేసి పలచటి చర్మపు పొర కప్పితే శబ్దం ఆ దారిన దిగుతుంది. దీనికి ఫెనెస్ట్రేషన్ అని పేరు. స్టాక్‌హోంలో గున్నార్ హోల్మ్‌గ్రెన్ 1920ల్లో దీని వెంట పడ్డాడు. ఆయన క్లినిక్‌లోనే నిలేన్ అనే యువకుడు 1921లో ఆపరేషన్‌కు సూక్ష్మదర్శిని వాడాడు. మరుసటేడు హోల్మ్‌గ్రెన్ రెండు కళ్లతో చూసే సూక్ష్మదర్శిని తెచ్చాడు. ఇవాళ కంటికీ మెదడుకూ నరాలకూ సూక్ష్మదర్శిని కింద జరిగే శస్త్రచికిత్సలన్నిటికీ పుట్టిల్లు ఆ చెవి క్లినిక్కే. ఫ్రాన్సులో మోరిస్ సూర్దీయ్ ఆ ఆపరేషన్‌ను నెలల తరబడి విడతలుగా చేసేవాడు. 1937లో న్యూయార్క్ వచ్చి చెప్పి వెళ్లాడు. మరుసటేడే న్యూయార్క్‌లో జూలియస్ లెంపర్ట్ దాన్ని ఒక్క విడతలో, చెవి రంధ్రం వైపు నుంచి, పళ్ల డాక్టర్లు వాడే డ్రిల్లుతో ముగించే పద్ధతి ప్రచురించాడు. దేశదేశాల డాక్టర్లు ఆయన దగ్గరికి నేర్చుకోవడానికి బారులు తీరారు.

మేలు జరిగిన మాట నిజమే. కానీ అది పెద్ద కోత. చెవి వెనక ఎముక తొలిచేయడంతో జీవితాంతం డాక్టరు దగ్గర శుభ్రం చేయించుకోవాల్సిన గుంత మిగిలేది. రోజుల తరబడి కళ్లు తిరిగేవి. సుత్తి, పట్టెడల సాయం తప్పిపోతుంది కాబట్టి ఎంత బాగా చేసినా వినికిడి పూర్తిగా వచ్చేది కాదు. అయినా చేశారు, అంతకన్నా గతి లేదనుకున్నారు.

1952 ఏప్రిల్. న్యూయార్క్‌లో శామ్యూల్ రోజెన్ అనే సర్జన్ ఫెనెస్ట్రేషన్‌కు ముందు ఒక చిన్న పరీక్ష చేస్తున్నాడు. ఇంత పెద్ద కోత కోసేముందు స్టేపిస్ నిజంగా పట్టేసిందో లేదో చూసుకుంటే మంచిది కదా అన్నది ఆయన ఆలోచన. అంతే, అంతకు మించి ఉద్దేశం లేదు. రోగికి మత్తు సూది చెవి దగ్గర మాత్రమే ఇచ్చారు, మనిషి మెలకువగా ఉన్నాడు. రోజెన్ చెవి కాలువ గోడ చర్మాన్ని గీసి, దాంతోపాటు కర్ణభేరిని పుస్తకంలో పేజీలా ముందుకు మడిచి లోపలికి చూశాడు. సన్నటి సలాకతో స్టేపిస్ మెడ మీద నొక్కాడు. కదల్లేదు. ఇంకాస్త నొక్కాడు. చటుక్కున కదిలింది. బల్ల మీది మనిషి తనకు వినపడుతోందని చెప్పాడు.

ఇలాంటి ఘట్టాల్లో సాధారణంగా ఆవిష్కర్తకు వెంటనే అంతా అర్థమైపోయినట్టు రాస్తారు. రోజెన్ ఆ సంవత్సరం అచ్చు వేసిన వ్యాసం శీర్షిక చూస్తే, స్టేపిస్‌ను తడిమి చూడటం ఫెనెస్ట్రేషన్‌కు ఎవరు పనికొస్తారో తేల్చే తొలి మెట్టు అనే అర్థంలో ఉంది. స్టేపిస్‌ను కదిపి వినికిడి తెప్పించడం అనే శీర్షిక మరుసటేడు వచ్చింది. మధ్యలో ఆయన శవాల మీద అదే పని మళ్లీ మళ్లీ చేసి, ఎంత బలం పెడితే ఎముక విరుగుతుందో, ఎంత పెడితే కదులుతుందో చెయ్యికి నేర్పుకున్నాడు, దానికి తగిన పనిముట్లు తయారుచేసుకున్నాడు. రోజెన్ సూది, రోజెన్ కోత అన్న పేర్లు ఇప్పటికీ చెవి ఆపరేషన్ థియేటర్లలో రోజూ వినపడతాయి. కెసెల్, మియో చేసింది మళ్లీ పుట్టింది, కాకపోతే ఈసారి పక్కన పెన్సిలిన్ ఉంది. 1953లో జర్మనీ నుంచి జైస్ కంపెనీ వారి కొత్త ఆపరేషన్ సూక్ష్మదర్శిని కూడా వచ్చింది. తల తిప్పకుండానే బొమ్మ పెద్దదీ చిన్నదీ చేసుకోవచ్చు.

రోజెన్ పద్ధతికి ఒక లోపం ఉంది. కదిపిన ఎముక చాలామందిలో కొన్నాళ్లకు మళ్లీ పట్టేసేది. జబ్బు ఎముకలో ఉంటే ఎముకను కదిపి వదిలేస్తే ఎలా? రోజెన్ ఆ తర్వాత వేరే దారి పట్టాడు. రొద ఎరుగని చోట ముసలితనంలో చెవి ఎలా ఉంటుందో చూడాలని సూడాన్ వెళ్లి మబాన్ తెగ వాళ్లను పరీక్షించాడు, ముసలివాళ్లకు కూడా భేషుగ్గా వినపడుతోందని 1962లో రాశాడు. ఇక్కడ కథ టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌కు మారుతుంది.

జాన్ షే 1924లో పుట్టినవాడు, తండ్రి కూడా చెవి డాక్టరే. వియన్నాలో కొంతకాలం చదువుకున్నాడు. తోటివాళ్లంతా రోజెన్ సూది పట్టుకుని తిరుగుతుంటే, ఈయన పాత వ్యాసాలు తిరగేశాడు. పెద్దలు మూసేసిన అధ్యాయం ఆయనకు అక్కడ కనిపించింది. జాక్ తీసేసిన స్టేపిస్, పదేళ్ల తర్వాత కూడా వినగలిగిన ఆ బోస్టన్ రోగి. ఎముక తీసేస్తే లోపలి చెవి చచ్చిపోతుందన్న భయం నిజమైతే ఆ మనిషికి ఎలా వినపడింది? తీసెయ్యడంలో తప్పులేదు, తీసేశాక ఖాళీ వదిలెయ్యడమే తప్పు. ఆ జాగాలో మరో స్టేపిస్ పెట్టాలి, తెరిచిన కిటికీకి మూత వెయ్యాలి. మూతకు రోగి సొంత రక్తనాళం ముక్క సరిపోతుంది, ఒంటికి పరాయిది కాదు కనక ఒప్పుకుంటుంది. మరి ఎముకకు బదులేమిటి?

ఇంజనీరు హ్యారీ ట్రీస్ టెఫ్లాన్ వాడదామన్నాడు. 1938లో డ్యుపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్‌లో వాడే వాయువుల మీద పనిచేస్తూ అనుకోకుండా కనిపెట్టిన పదార్థం అది. ఇవాళ మన వంటింట్లో దోసె అంటుకోని పెనం మీద పూత అదే. దేనితోనూ కలవదు, దేన్నీ అంటుకోదు, కాబట్టి ఒంట్లో పెట్టినా ఒళ్లు దాని జోలికి పోదు. ట్రీస్ టెఫ్లాన్‌తో అచ్చం స్టేపిస్ లాంటి బొమ్మనే, రెండు కమానులతో సహా, చెక్కిపెట్టాడు. 1956 మే 1న షే దాన్ని 54 ఏళ్ల ఒక గృహిణి చెవిలో అమర్చాడు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నా వినపడని స్థితి ఆమెది. ఆపరేషన్ తర్వాత వినపడింది. స్టేపిడెక్టమీ అనే మాటకు ఇప్పుడు మనం చెప్పుకునే అర్థం ఆ రోజు నుంచే.

పెద్దలు మళ్లీ కళ్లెర్రజేశారు. లోపలి చెవిని బార్లా తెరుస్తున్నాడు, కుర్రవాడికి తల తిరిగిందన్నారు. ఈసారి నెగ్గలేదు. నాలుగైదేళ్లు తిరిగేసరికి ఫెనెస్ట్రేషన్ దాదాపు అంతరించింది. లెంపర్ట్ దగ్గర నేర్చుకున్న విద్య చేతికంటి ఉండగానే పనికిరాకుండా పోయిన సర్జన్లు ఎందరో. షే కూడా తన తొలి బొమ్మను పట్టుకుని వేళ్లాడలేదు. రికాబు ఆకారం అక్కర్లేదు, పని చేసేది కడ్డీ కదా అని తెలిశాక 1960 నాటికి టెఫ్లాన్ పిస్టన్‌కు మారాడు. ఆ తర్వాత యూరప్ సర్జన్లు పలకంతా తీయడం కూడా మాని, అందులో ఒక సన్నటి బెజ్జం చేసి పిస్టన్ దింపే స్టేపిడాటమీకి వచ్చారు. 1970ల చివర కాలిఫోర్నియాలో రాడ్నీ పెర్కిన్స్ ఆ బెజ్జాన్ని లేజర్‌తో చేశాడు. అన్నీ కలిపి చూస్తే కోత చిన్నదవుతూ వచ్చింది, అంతే.

ఇవాళ మన ఊళ్లలో జరిగే ఆపరేషన్ ఇది. చాలాచోట్ల చెవికి మాత్రమే మత్తు. రోజెన్ పద్ధతిలోనే కర్ణభేరిని మడుస్తారు. ఎదురుగా అడ్డంగా దారంలాంటి నరం ఒకటి వేళ్లాడుతుంది. నాలుక ముందు భాగానికి రుచి తెలిపే నరం అది, కాస్త లాగినా కొన్ని వారాలపాటు నోట్లో ఇనుము రుచి తగులుతుంది. దాన్ని పక్కకు జరిపి, పైనున్న ముఖ నరానికి దెబ్బ తగలకుండా, స్టేపిస్ కమానుల్ని తుంచి తీసి, పలకలో మిల్లీమీటరు కన్నా తక్కువ బెజ్జం చేస్తారు. నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు పిస్టన్‌ను అందులో దింపి, దాని కొక్కేన్ని పట్టెడ కాడకు తగిలిస్తారు. బల్ల మీదున్న మనిషితో మామూలు గొంతుతో మాట్లాడి చూస్తారు. తర్వాత కొన్ని వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు, బరువులెత్తకూడదు, విమానం ఎక్కకూడదు.

చెయ్యి తిరిగిన సర్జన్ల దగ్గర పదిమందిలో తొమ్మిదిమందికి గాలి దారికీ ఎముక దారికీ మధ్య తేడా దాదాపుగా పోతుంది. మిగిలినవాళ్లలో కొందరికి ఓ మాదిరి. అటూ ఇటూగా నూటికి ఒకరికి, ఉన్న వినికిడి కూడా పూర్తిగా పోవచ్చు. ఆ ఒక్కరూ ఎవరో ముందే చెప్పే పరీక్ష లేదు. అందుకే మంచి డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తేముందు హియరింగ్ ఎయిడ్ పెట్టి చూపిస్తాడు, నరం బాగున్న చెవి కనక అది చక్కగా పనిచేస్తుంది, ఎంచుకునే హక్కు రోగిది. రెండు చెవులూ ఒకేసారి ఎవరూ ముట్టుకోరు. ఎక్కువ చెడ్డ చెవికి ముందు చేస్తారు, నెలల తరబడి ఆగి చూస్తారు, రెండోదాని సంగతి ఆ తర్వాతే.